అడ్మిషన్‌లో చర్మం, జుట్టు, గోళ్ల పరీక్ష: చామనఛాయ ఒంటి మీద "ఎరుపు" ఎక్కడ వెతకాలి?

కొత్త_స్టాఫ్

అందరికీ నమస్కారం. బెడ్ సోర్ (ఒకే చోట ఒత్తిడి పడి వచ్చే పుండు) మొదటి దశ అంటే "వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు" అని పాఠంలో ఉంటుంది. మన వార్డుల్లో పడుకునేవాళ్లలో ఎక్కువమంది చామనఛాయ, నలుపు. ఆ ఎరుపు కంటికి ఆనదు. దాంతో కేస్ షీట్‌లో అందరికీ "స్కిన్ ఇంటాక్ట్" (చర్మం ఎక్కడా చెదరలేదు) అని పడిపోతోంది. మూడో రోజు నడుము కింద పుండు బయటపడితే అది ఇంటి నుంచి వచ్చిందా, వార్డులో వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేరు.

పది పదిహేను నిమిషాల్లో తల నుంచి పాదం దాకా చూసే వరుస ఏది? మన రంగు ఒంటి మీద ఏవి ఎలా కనిపిస్తాయి? జుట్టు, గోళ్ల గురించి కూడా చెప్పండి.

పాఠాల_మేడమ్

ముందు వెలుతురు సంగతి. పసుపు బల్బు కింద కామెర్లు కనపడవు. నీలి ఛాయ ఉన్న ట్యూబ్‌లైటు కింద మామూలు మనిషి కూడా నీలంగా కనిపిస్తాడు. పగలైతే కిటికీ వైపు తిప్పి చూడండి. రాత్రైతే తెల్లటి టార్చి వాడండి, ఒకసారి నిటారుగా, ఒకసారి పక్క నుంచి వాలుగా వేయండి. వాలు వెలుతురులో ఉబ్బెత్తు మచ్చకు నీడ పడుతుంది, చదును మచ్చకు పడదు.

రెండోది, ఒంటి మీద ఉన్నవాటి లెక్క. పెద్దావిడల ముఖం, పాదాల మీద పసుపు ఉంటే తడిబట్టతో తుడిచాకే రంగు గురించి మాట్లాడాలి. గోరింటాకు చర్మం మీద రెండు మూడు వారాల్లో పోతుంది కానీ గోరు మీద పడ్డది గోరు పెరిగి పోయేదాకా, అంటే నెలల తరబడి ఉంటుంది. అలాంటి చేతి గోళ్లలో పాలిపోవడం వెతకడం దండగ, కంటి కింది రెప్ప లోపల చూడండి. నెయిల్ పాలిష్ కనీసం రెండు వేళ్లకైనా తీసేయండి.

వరుస: తల, చెవుల వెనక, కళ్లు, నోరు, మెడ, చంకలు, రొమ్ముల కింద మడతలు, పొట్ట, మొలతాడు కింద, గజ్జలు, కాళ్లు, వేళ్ల సందులు, అరికాళ్లు. ఆ తర్వాత పక్కకు తిప్పి వీపు, నడుము కింద ఎముక, పిరుదుల మధ్య, మడమలు. చేతులు, గోళ్లు ఎప్పుడైనా చూడొచ్చు. తిప్పకుండా రాసిన "స్కిన్ ఇంటాక్ట్"లో సగం ఒళ్లు లెక్కలోనే లేదు. దుప్పటి ఒక్కో భాగం మీద నుంచే తీయాలి. కర్టెన్, మహిళా రోగి దగ్గర మహిళా సిబ్బంది సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

ఐసీయూ_బ్రదర్

> "నొక్కినా తెల్లబడని ఎరుపు"

ఈ మాట తెల్ల ఒంటిని చూసి రాసింది. ముదురు రంగు మీద నొక్కితే తెల్లబడటమే కనపడదు, ఇక తెల్లబడకపోవడం ఎక్కడ కనపడుతుంది? బెడ్ సోర్ల మీద సలహాలిచ్చే అమెరికా సంస్థ ఎన్‌పీయూఏపీ (ఇప్పటి పేరు ఎన్‌పీఐఏపీ) 2016లో "ప్రెషర్ అల్సర్" పేరును "ప్రెషర్ ఇంజురీ"గా మార్చినప్పుడు మొదటి దశ వివరణలో ముదురు చర్మం మీద వేరుగా కనిపించవచ్చని కూడా రాసింది. చర్మం పగలకుండానే కింద దెబ్బ తగిలి ఉండొచ్చు కాబట్టే పేరూ మారింది.

మన దగ్గర చెయ్యాల్సింది ఇది:

రంగు: ఎరుపు కోసం కాదు, చుట్టుపక్కల చర్మంతో తేడా కోసం చూడాలి. ఊదా, నీలి నలుపు, లేదా ఆ చోటు మాత్రమే మిగతా ఒంటికంటే ముదురుగా ఉండటం. చర్మాన్ని నీళ్లతో కొంచెం తడిపితే తేడా ఇంకా బాగా తేలుతుంది.

వేడి: చేతి వెనక భాగంతో ఆ చోటు, తర్వాత నాలుగు వేళ్ల దూరంలో మంచి చర్మం, తర్వాత అటువైపు తుంటి. మొదట వేడిగా ఉండి, కణజాలం చచ్చేకొద్దీ చల్లబడుతుంది. గ్లవ్ వేసుకుంటే వేడి సరిగ్గా తెలియదు. చర్మం పగలకుండా, తడి లేకుండా ఉంటే కడుక్కున్న వట్టి చేత్తో చూడండి.

మెత్తదనం: పండు మగ్గినట్టు మెత్తగా ఉందా, చెక్కలా గట్టిపడిందా.

నొప్పి: మాట్లాడగలిగితే అడగాలి. మాట్లాడలేకపోతే ఆ చోటు తాకినప్పుడు ముఖం చూడాలి.

వెల్లకిలా పడుకున్న మనిషిని తిప్పిన వెంటనే కనిపించే రంగు మార్పంతా పుండు కాదు. ఒత్తిడి తీశాక రక్తం ఒక్కసారిగా పరుగెత్తడం వల్ల అలా ఉంటుంది. పక్కకు తిప్పి ఉంచి, అరగంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ పోకపోతే రాయండి.

ఊదా, మెరూన్ రంగు ఉండి చర్మం పగలకపోతే దాన్ని "మొదటి దశ" అని రాయకండి. అది లోపలి కణజాలం దెబ్బ. రెండు మూడు రోజుల్లో విప్పుకుని నేరుగా మూడు, నాలుగు దశల లోతుకు పోగలదు. "నిన్న మొదటి దశ, ఇవాళ నాలుగో దశా?" అన్న గొడవలు చాలావరకు ఇక్కడ తప్పు పేరు రాయడం వల్లే వస్తాయి.

గోదావరి_సిస్టర్

బ్రదర్ గారు చెప్పినదానికి చోట్లు చేరుస్తాను. అందరూ నడుము కింద, మడమల దగ్గర చూస్తారు. మర్చిపోయేవి: తల వెనక, చెవి పై అంచు (ఆక్సిజన్ గొట్టం తాడు), ముక్కు దూలం (ఊపిరికి గాలి నెట్టే బైపాప్ మాస్కు), ముక్కుపుటం (ముక్కు నుంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబు), మూత్రం గొట్టం (కాథెటర్) ఒరుసుకునే తొడ లోపలి భాగం, మెడకు కాలర్ ఉంటే గడ్డం కింద. ప్లాస్టర్ అంటించి ఉంది కదా అని చూడకుండా వదిలేయకూడదు. పరికరాన్ని షిఫ్టుకి కనీసం రెండుసార్లు పక్కకు జరిపి కింద చర్మం చూడాలి.

జడ గురించి ఒక మాట. పొడుగు జుట్టున్నవాళ్లకు ముడి వేసి వెల్లకిలా పడుకోబెడితే ఆ ముడే తల వెనక రాయిలా ఒత్తుతుంది. విప్పి రెండు పక్కలకు రెండు జడలు వేయండి. జుట్టు అట్టకట్టి ఉన్నా ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా కత్తెర పెట్టకండి. కొందరికి జడలు కట్టడం దేవుడి మొక్కు.

వైట్‌క్యాప్

బ్యాక్ కేర్ సంగతి ఏమిటి? స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి, గుండ్రంగా మర్దన చేయమనే కదా ప్రొసీజర్ బుక్కుల్లో ఉండేది. ఇప్పుడు వద్దంటున్నారు. అయితే ఇన్నాళ్లూ చేసిందంతా తప్పేనా?

పాఠాల_మేడమ్

మర్దన మొత్తంగా తప్పు కాదు. ఎముక మీద, రంగు మారిన చోట మర్దన తప్పు. అప్పటికే నలిగిన సన్నని రక్తనాళాలు రుద్దితే ఇంకా చిట్లుతాయి. స్పిరిట్ చర్మంలోని నూనెను లాగేసి పొడిబారుస్తుంది, పొడి చర్మం త్వరగా పగులుతుంది. పౌడర్ చెమటతో కలిసి ముద్దకట్టి మడతల్లో ఇసుకలా ఒరుస్తుంది. గోరువెచ్చని నీళ్లు, గాఢత తక్కువ సబ్బు, అద్దినట్టు తుడవడం, పలచగా మాయిశ్చరైజర్ చాలు. మల, మూత్రాల తడి ఉన్న చోట జింక్ ఆక్సైడ్ లాంటి అడ్డుపొర క్రీమ్.

బ్యాక్ కేర్‌లో అసలు ప్రయోజనం రాసిన మందులో కాదు. ఆ సాకుతో మనిషిని తిప్పడం, వీపు కళ్లారా చూడటం.

ఐసీయూ_బ్రదర్

ఇంకో రెండు పాత అలవాట్లు. గాలి నింపిన రబ్బరు రింగు, నీళ్లు నింపి ముడేసిన గ్లవ్. రింగు పుండు చుట్టూ వలయంగా ఒత్తి మధ్యకు రక్తం రానివ్వదు. మడమ కింద నీళ్ల గ్లవ్ బరువుకు అణిగి మళ్లీ మడమనే ఒత్తుతుంది. పిక్క పొడవునా దిండు పెట్టి మడమ గాలిలో తేలేలా ఉంచండి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. మడమకూ పరుపుకూ మధ్య చెయ్యి దూరాలి.

పక్కకు తిప్పేటప్పుడు పూర్తి 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. 30 డిగ్రీల వాలు చాలు. తలవైపు మంచం కూడా, ఇంకే కారణం లేకపోతే, 30 డిగ్రీలు దాటనీయకండి. పైకి లేపేకొద్దీ మనిషి కిందికి జారుతాడు, చర్మం దుప్పటికి అతుక్కుని ఆగిపోతుంది, లోపలి కండ జారుతుంది. ఆ జారుడే లోతు పుండ్లకు కారణం.

బెడ్ సోర్ ముప్పును కొలిచే బ్రేడెన్ స్కోరు 6 నుంచి 23. ఆరు అంశాలు: స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, రాపిడి. 18 లేదా తక్కువైతే ముప్పు మొదలు, 12 లేదా తక్కువైతే ఎక్కువ ముప్పు. మొత్తం 17 వచ్చింది కదా అని ఊరుకోకండి. కదలిక ఒక్కదానికే 1 వచ్చినా ఆ ఒక్కదానికి ఇవాళే ఏర్పాటు చేయాలి.

కొత్త_స్టాఫ్

పిరుదుల దగ్గర డైపర్ తడికి ఒరుసుకుపోయిందా, బెడ్ సోరా అనేది ఎలా తెలుస్తుంది? రెండూ ఒకే చోట వస్తున్నాయి.

గోదావరి_సిస్టర్

తడిది అయితే అంచు స్పష్టంగా ఉండదు, పరుచుకున్నట్టు ఉంటుంది. రెండు పిరుదులకూ అద్దంలో బింబంలా వస్తుంది, మడతలోకి పోతుంది, పైపైన ఉంటుంది, మంట ఎక్కువ. ఒత్తిడిది అయితే ఎముక నెత్తి మీదే ఉంటుంది, గుండ్రంగా అంచు కట్టుకుని ఉంటుంది, లోతు ఉండొచ్చు. నల్ల పెచ్చు గానీ పసుపు పొర గానీ ఉంటే అది తడి పుండు కాదు. తడిలో నానిన చర్మం ఒత్తిడికి త్వరగా లొంగుతుంది కాబట్టి రెండూ కలిసి వచ్చేవీ ఉంటాయి, అప్పుడు రెండూ రాయాలి.

చర్మం_డాక్టరు

రంగుల గురించి వరుసగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే.

పాలిపోవడం: కింది రెప్ప లోపల, నాలుక, అరచేతి గీతలు. చేయి పూర్తిగా చాపినప్పుడు అరచేతి గీతలు కూడా చుట్టూ చర్మంలాగే వెలవెలబోతే హిమోగ్లోబిన్ దాదాపు 7 గ్రాముల దిగువకు పోయి ఉండొచ్చు. నల్లని ఒంటి మీద పాలిపోవడం బూడిద రంగులో, చామనఛాయ మీద పసుపు ఛాయలో తెలుస్తుంది.

కామెర్లు: రక్తంలో బిలిరుబిన్ రెండున్నర, మూడు మిల్లీగ్రాములు దాటితే గానీ కంటికి తెలియదు. ముదురు రంగువాళ్లకు తెల్లగుడ్డు అంచుల్లో సహజంగానే పసుపు కొవ్వు, గోధుమ మచ్చలు ఉంటాయి. పైరెప్ప ఎత్తి కిందికి చూడమనండి. పసుపు నల్లగుడ్డు అంచు దాకా ఒకే తీరుగా ఉంటే కామెర్లు, మూలల్లోనే ఉంటే కొవ్వు. నాలుక కింద, అంగిట్లో కూడా చూడండి. అరచేతులు పచ్చగా ఉండి కళ్లు తెల్లగా ఉంటే క్యారెట్, బొప్పాయి లాంటివి అదేపనిగా తినడం వల్ల కావచ్చు.

నీలిమ (ఆక్సిజన్ తగ్గి ఒళ్లు నీలమవడం): నాలుక, పెదవుల లోపలి భాగం చూడాలి. వేళ్లు మాత్రమే నీలమైతే చలి, రక్తప్రసరణ. నీలిమ కనపడాలంటే ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ దాదాపు 5 గ్రాములు కావాలి. హిమోగ్లోబినే 6 ఉన్న మనిషికి ఊపిరి అందకపోయినా నీలిమ రాదు. దీన్ని మర్చిపోయి "నీలిమ లేదు, బాగానే ఉన్నాడు" అనుకోవడం ప్రమాదం.

గల్ఫ్_నర్సు

డాక్టరుగారు చెప్పినదానికి తోడు ఆక్సీమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం). ముదురు చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదు. 2020లో అమెరికాలో ప్రచురించిన పోలికలో ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తుండగా ధమని రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. కాబట్టి అంకె 94 ఉన్నా మనిషి ఆయాసపడుతూ మాట తడబడుతుంటే అంకెను కాదు, మనిషిని నమ్మండి. నల్ల మెహందీ ఉన్న వేలికి సిగ్నలే అందకపోవచ్చు, చెవి తమ్మెకు పెట్టి చూడండి.

పిల్లల_వార్డు

పిల్లల సంగతి వేరు. నీరసించిన బిడ్డకు చర్మం గిల్లి చూడటం అందరూ చేస్తారు, సగంమంది తప్పుగా చేస్తారు. బొడ్డుకూ పక్కకూ మధ్య, బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోవాలి. గోటితో కాదు. మడత తల నుంచి కాళ్ల వైపు నిలువుగా ఉండాలి, అడ్డంగా కాదు. చర్మం పొరలన్నీ పైకి లేపి ఒక సెకను ఉంచి వదలాలి. రెండు సెకన్లు దాటి వెనక్కి పోతే "చాలా నిదానం", అది తీవ్రమైన నీటి లోటు. రెండు సెకన్లలోపే పోయినా మడత ఒక్క క్షణం కనిపిస్తే "నిదానం".

ఎముకల గూడైన బిడ్డకు నీటి లోటు లేకపోయినా నిదానంగా పోతుంది. లావు బిడ్డకు, వాపున్న బిడ్డకు లోటున్నా టక్కున పోతుంది. ముసలివాళ్లకు చేతి వెనక గిల్లడం ఎందుకూ పనికిరాదు, కాలర్ ఎముక కింద గానీ రొమ్ము ఎముక మీద గానీ చూడండి.

పుట్టిన పిల్లల నడుము కింద, పిరుదుల మీద నీలి బూడిద మచ్చలు మన పిల్లల్లో మామూలే. కమిలిన గాయం కాదు. నొప్పి ఉండదు, రోజుకోరకంగా రంగు మారదు. పుట్టినప్పుడే కొలిచి రాసిపెడితే తర్వాత ఎవరైనా కొట్టారేమోనన్న అనుమానానికి తావుండదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ల పిల్లలకు ఈ ఒక్క వాక్యం చాలా ముఖ్యం.

ఇరవై నాలుగు గంటల్లోపు పచ్చబడ్డ బిడ్డ, అరచేతులు అరికాళ్లు పచ్చబడ్డ బిడ్డ, వెంటనే డాక్టరుకు. కంటి అంచనాతో అంకె చెప్పకండి, రక్తపరీక్షే.

ఏఎన్ఎం_ఆదిలాబాద్

జ్వరంతోని వచ్చినోళ్లకు ఒళ్లంతా సూసుడు శానా అవసరం అక్కా. స్క్రబ్ టైఫస్ (పొదలల్ల సన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) నల్ల పెచ్చు దాసుకొని ఉంటది. సంకల, గజ్జల, రొమ్ము కింద, చెవెనక, మొలతాడు కింద, లోపలి బట్టల ఎలాస్టిక్ కాడ. సిగరెట్ కాల్చినట్టు నల్లగ, సుట్టూ ఎర్రటి అంచు, నొప్పుండదు, దురదుండదు. గందుకే మనిషికి తెల్వదు, చెప్పడు. చెమ్మ ఉండే సంకల, గజ్జల పెచ్చు కట్టకుండ పుండు లెక్కనే పచ్చగ ఉంటది, దాన్ని ఒరుపు అనుకొని ఇడిసిపెడ్తరు. ఐదారు రోజుల జ్వరం, తగ్గుత లేదు, పొలం పని, గొర్రెలు మేపుడు, పొదలల్ల తిరుగుడు ఉన్నదంటే మొలతాడు జరిపి సూడాలె.

చర్మం_డాక్టరు

బంగారం లాంటి మాట చెప్పారు. ఆ ఒక్క పెచ్చు దొరికితే దానికి వాడే మందు డాక్సీసైక్లిన్ రెండు రోజులు ముందు మొదలవుతుంది. రోగిని పూర్తిగా చూసేది స్పాంజ్ బాత్ ఇచ్చే సిస్టరే. రౌండ్స్‌లో చొక్కా పైకెత్తి స్టెతస్కోప్ పెట్టేవాళ్లకు గజ్జ కనపడదు.

జ్వరంలో చూడాల్సిన మరొకటి, చర్మం కింద చుక్కలుగా చేరిన రక్తం. చిన్న గాజు గ్లాసు అడుగుతో నొక్కండి. మామూలు దద్దురు పోతుంది, రక్తపు చుక్క పోదు. నల్లని ఒంటి మీద ముంజేయి లోపలి వైపు, అంగిట్లో, కంటి రెప్ప లోపల వెతకాలి. డెంగ్యూ అనుమానంలో బీపీ కఫ్‌ను పై అంకెకూ కింది అంకెకూ సరిగ్గా మధ్యకు బిగించి 5 నిమిషాలు ఉంచి, రెండున్నర సెంటీమీటర్ల చదరంలో చుక్కలు లెక్కించండి. 10 లేదా అంతకంటే ఎక్కువైతే పాజిటివ్. నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగ్యూ కాదని కాదు.

వైట్‌క్యాప్

తెల్ల మచ్చల తేడా కూడా చెప్పండి డాక్టరుగారూ. తెల్ల మచ్చ కనిపిస్తే చాలు బొల్లి అని ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు.

చర్మం_డాక్టరు

బొల్లి పాలలా తెలుపు, పొలుసు ఉండదు, స్పర్శ ఉంటుంది, అక్కడి వెంట్రుక కూడా తెల్లబడొచ్చు. శోభి ఛాతీ, వీపు, మెడ మీద, గోటితో గీస్తే సన్నటి పొట్టు రాలుతుంది. పిల్లల బుగ్గల మీద పొడిబారిన లేత మచ్చలను ఊళ్లో నులిపురుగుల మచ్చలంటారు. పురుగులకూ వాటికీ సంబంధం లేదు. నుదుటి మధ్య గుండ్రంగా తెలుపు వస్తే స్టిక్కర్ బొట్టు జిగురులోని రసాయనం కావచ్చు, బొట్టు మానేయమని చెప్పాలి.

కుష్టు మచ్చ పూర్తి తెలుపు కాదు, చుట్టూ రంగుకంటే లేతగా గానీ ఎర్రగా గానీ ఉంటుంది. అక్కడ చెమట పట్టదు, వెంట్రుకలు తక్కువ. స్పర్శ ఇలా చూడాలి: ముందు కళ్లు తెరిచి ఉండగా బాల్ పెన్ను మొనతో తాకి, "తాకిన చోట వేలు పెట్టి చూపించండి" అని నేర్పాలి. తర్వాత కళ్లు మూయించి మచ్చ మీద, మామూలు చర్మం మీద వరుస లేకుండా తాకాలి. గీయకూడదు, గుచ్చకూడదు. ప్రతిసారీ "తెలుస్తోందా?" అని అడిగితే ప్రతిసారీ "ఆఁ" అంటారు, పరీక్ష చెడిపోతుంది. ముఖం మీది మచ్చలో స్పర్శ మిగిలి ఉండొచ్చు. తర్వాత మోచేతి లోపలి గుబ్బ వెనక నరం రెండు వైపులా తడిమి లావుగా ఉందేమో పోల్చండి. మచ్చలు 5 దాకా ఒక వర్గం, 6 నుంచి ఇంకో వర్గం కాబట్టి లెక్క కచ్చితంగా రాయండి. 2005 చివర్లో దేశస్థాయిలో "నిర్మూలన" ప్రకటించారు కదా అని కొత్త కేసులు ఆగిపోలేదు. పదివేలమందికి ఒకటి కంటే తగ్గిందని మాత్రమే దాని అర్థం.

ఇంకోటి. తామరకు షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. దాంతో అంచు పోయి మచ్చ గుర్తుపట్టలేకుండా మారుతుంది. "ఏం రాశారు?" అంటే "ఏం లేదు" అంటారు. "ట్యూబు తెచ్చి చూపించండి" అనండి.

గోదావరి_సిస్టర్

తల చూడటం గురించి ఎవరూ రాయలేదు. గ్లవ్స్ వేసుకుని, దువ్వెన తోకతో పాయలు తీసి, చెవుల వెనక, మెడ మీద ముందు చూడండి. ఊదితే ఎగిరేది, జరిపితే జరిగేది చుండ్రు. వెంట్రుకకు ఒక పక్కన అతుక్కుని గోటితో లాగితే గానీ రానిది ఈపి. జుట్టు నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది, ఈపి పది రోజుల్లోపే పగులుతుంది. అందుకే తల చర్మానికి సెంటీమీటరు దాటి దూరంగా ఉన్నవి ఎక్కువగా ఖాళీ గుల్లలే. పేలు ఉన్నాయని పక్క బెడ్‌వాళ్లకు వినపడేలా అరవకండి. పిల్లలు చాలా చిన్నబుచ్చుకుంటారు.

గుండు చూసి జబ్బు అనుకోకండి, తిరుపతి వెళ్లొచ్చారా అని అడగండి. పేనుకొరుకుడు అయితే నాణెంలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది, పొట్టు ఉండదు, అంచు వెంట్రుకలు కుదురు దగ్గర సన్నబడి ఉంటాయి. పొట్టు, విరిగిన వెంట్రుకలు ఉంటే తామర, ముఖ్యంగా పిల్లల్లో.

జుట్టు రాలిపోతోందంటే రెండు మూడు నెలల వెనక్కి అడగండి: కాన్పు, టైఫాయిడ్, డెంగ్యూ, ఆపరేషన్. యాభై అరవై వెంట్రుకల పాయను కుదురు దగ్గర పట్టుకుని చివరి దాకా నిదానంగా లాగాలి. ఆరు కంటే ఎక్కువ వస్తే రాలడం చురుగ్గా ఉన్నట్టు. అంతకుముందు రోజు తలంటుకుని ఉంటే లెక్క తప్పుతుంది.

పాఠాల_మేడమ్

గోళ్లు. చేతి గోరు నెలకు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ ఒక్క అంకెతో గోరు పాత సంగతులు చెబుతుంది. అన్ని గోళ్ల మీదా ఒకే ఎత్తులో అడ్డంగా గాడి ఉండి, అది మూలం నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే రెండు నెలల కిందట పెద్ద జబ్బు చేసి ఉండాలి. ఒక్క గోటికే ఉంటే దెబ్బ.

గోరు చెంచాలా గుంటపడి నీటి చుక్క నిలిస్తే ఇనుము లోటు అనుమానించాలి. సూదితో పొడిచినట్టు గుంటలుంటే సోరియాసిస్ కావచ్చు. గోరు సగం తెల్లగా, చివరి సగం గోధుమగా ఉంటే మూత్రపిండాల జబ్బు ఉందా అని చూడండి. మొత్తం తెల్లబడి చివర సన్నటి గులాబీ అంచు మాత్రమే మిగిలితే కాలేయం వైపు ఆలోచించాలి. నిలువు గీతలు వయసుతో వస్తాయి, వాటికి పేజీలు ఖర్చు పెట్టొద్దు.

క్లబ్బింగ్ (వేలి కొసలు ఉబ్బి గోరు గుండ్రంగా వంగడం): రెండు చేతుల ఒకే వేలి గోళ్లు వీపు వీపు ఆనించి వెలుతురుకు పెట్టండి. మధ్యలో చిన్న వజ్రాకారం సందు కనపడాలి. అది మూసుకుపోతే క్లబ్బింగ్. షామ్రోత్ అనే దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు తన వేళ్ల మీదే గమనించి 1976లో రాసిన గుర్తు ఇది.

గోరుచుట్టు గిన్నెలు తోమేవాళ్లకు, తడి పనివాళ్లకు ఎక్కువ. షుగర్ ఉంటే చిన్నదని వదలకండి.

చర్మం_డాక్టరు

గోళ్లలో నల్ల నిలువు గీతలు మనవాళ్లకు నాలుగైదు వేళ్లకు ఉండటం సహజం. ఒక్క వేలికే కొత్తగా వచ్చి, 3 మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతూ, నలుపు గోటి మూలం చర్మంలోకి పాకితే అది మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కావచ్చు. ముదురు రంగువాళ్లకు అది ఎండ తగిలే చోట కాదు, అరికాలు, అరచేయి, గోటి కింద ఎక్కువగా వస్తుంది. అరికాలు చూడకుండా షీట్ మూయొద్దు.

ఐసీయూ_బ్రదర్

కాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) చోట్లు కూడా ఇదే లెక్క. నల్లని చేతి మీద ఫ్లెబైటిస్ (సిర వాపు) ఎరుపు కోసం చూస్తే దొరకదు. సిర వెంట తాడులా గట్టిగా తగులుతోందా, వేడా, నొప్పా, అవతలి చేతికంటే లావైందా, ఇవే. ట్రాన్స్‌పరెంట్ డ్రెస్సింగ్ మీద నుంచే తడమొచ్చు.

వాపు: కాలి ముందు ఎముక మీద బొటనవేలితో కనీసం 5 సెకన్లు నొక్కండి. గుంట 2 మి.మీ. అయితే 1+, 4 అయితే 2+, 6 అయితే 3+, 8 అయితే 4+. మంచం దిగనివాళ్లకు కాళ్లలో కాదు, నడుము కింద చూడాలి, నీరు పల్లానికే పోతుంది. ముదిరిన బోదకాలులో గుంట పడదు.

కొత్త_స్టాఫ్

ఇంత చూశాక షీట్‌లో ఎలా రాయాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

గల్ఫ్_నర్సు

"బెడ్ సోర్ +" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయండి:

"ఉదయం 10.40. వార్డుకు వచ్చిన గంటలోపు పరీక్ష. చామనఛాయ. నడుము కింద ఎముక మీద నిలువు 4 సెం.మీ., అడ్డం 3 సెం.మీ. ఊదా రంగు చోటు, చర్మం పగలలేదు, చుట్టూ చర్మంకంటే వేడి, మెత్తన, తాకితే నొప్పి 10కి 5. పక్కకు తిప్పి 30 నిమిషాల తర్వాత మార్పు లేదు. లోపలి కణజాలం దెబ్బ అనుమానం. ఎడమ మడమ, కుడి మడమ మామూలు. బ్రేడెన్ 13. డ్యూటీ డాక్టరుకు 11.05కి చెప్పడమైంది. అటెండెంటుకు చూపించడమైంది."

నిలువు అంటే తల నుంచి పాదం వైపు, అడ్డం దానికి లంబంగా, ఎప్పుడూ ఇదే పద్ధతి. లేకపోతే ఇవాళ్టి 4 × 3 రేపు 3 × 4 అయి పుండు తగ్గిందో పెరిగిందో తెలియదు. గడియారం లెక్కలో తలవైపు 12. లోతుకు తడిపిన స్టెరైల్ దూది పుల్ల వాడండి. పైన నల్ల పెచ్చు మూసి ఉంటే దశ అంకె వేయొద్దు, "దశ చెప్పలేం" అని రాయండి. మడమ మీద పొడిగా, గట్టిగా అతుక్కున్న పెచ్చును పీకొద్దు. మానుతున్న నాలుగో దశ పుండును "మూడో దశ అయింది" అని వెనక్కి రాయొద్దు, "మానుతున్న నాలుగో దశ" అనే రాయాలి.

ఫోటో తీస్తే రోగి అనుమతి రాతలో ఉండాలి, పక్కన కొలబద్ద ఉండాలి, ఆసుపత్రి పరికరంతోనే తీయాలి. సొంత ఫోన్‌తో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం వద్దు.

వైట్‌క్యాప్

అటెండెంటుకు చూపించడం దేనికి? "వచ్చినప్పుడే ఉంది" అని నెట్టేయడానికా?

గల్ఫ్_నర్సు

కొంత దానికే, దాచడమెందుకు. ఎక్కువ మాత్రం ఇంటికెళ్లాక చూసుకోవాల్సింది వాళ్లే కాబట్టి. వేడి, మెత్తదనం ఎలా ఉంటాయో వాళ్ల చెయ్యి అక్కడ పెట్టించి చూపిస్తే రెండు నిమిషాల్లో నేర్చుకుంటారు.

ఏఎన్ఎం_ఆదిలాబాద్

ఇంకోటి అక్కా, మెట్టెలు, తాయెత్తు, చేతి తాడు తీస్తే ఎవల చేతిల పెట్టిండ్రో రాసి సంతకం తీస్కోండ్రి. షుగర్ ఉన్నోళ్లకు మెట్టె కింద పుండైతది, తీసి సూడాల్సిందే. కాలి ఏళ్ల సందులల్ల పొడిబట్టతోని తుడ్వుండ్రి, క్రీమ్ ఆడ పెట్టకుండ్రి.

కొత్త_స్టాఫ్

నమూనా ప్రింటు తీసి నోటీసు బోర్డు మీద పెడుతున్నా, అభ్యంతరం లేదు కదా మేడమ్? మళ్లీ ఎప్పుడెప్పుడు చూడాలి, షిఫ్టుకి ఒకసారి చాలా?

గల్ఫ్_నర్సు

పెట్టుకోండి. బ్రేడెన్ 18 దాటితే రోజుకొకసారి చాలు. తక్కువైతే షిఫ్టుకొకసారి, తిప్పిన ప్రతిసారీ ఒత్తిడి పడ్డ వైపు ఓ చూపు. ఆపరేషన్ నుంచి, డయాలిసిస్ నుంచి, వేరే వార్డు నుంచి వస్తే మళ్లీ మొదటి నుంచి. హ్యాండోవర్‌లో (షిఫ్టు అప్పగించేటప్పుడు) ఇద్దరూ కలిసి దుప్పటి తీసి చూడండి. ఒకరు చెప్పింది ఇంకొకరు విని రాసుకుంటే పాత "ఇంటాక్ట్" కొత్త పేజీలోకి ఎక్కుతుంది.

పాఠాల_మేడమ్

ప్రింటులో "అరికాలు" అన్న మాట లావు అక్షరాల్లో వేయండి.